కిమోనో ఎర్ర లైనింగ్

ఫ్రీమాంట్‌లో మా పక్కింటావిడ జపాన్ నుంచి వచ్చిన మనిషి. వయసు ఎనభై దాటింది. మా గరాజ్‌లో నా మగ్గం చూసిన మర్నాడే ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. లోపల వాళ్లమ్మ కట్టుకున్న ముదురు గోధుమరంగు మీద చిన్న చిన్న తెల్ల పూలున్న పట్టు కిమోనో ఉంది. అక్కడక్కడా చిరిగింది.

"పెట్టెలో పెట్టుకుని ఏం చేసుకోను? దీన్ని కోసి, నేను భుజాల మీద కప్పుకునేలా ఏదైనా నేసివ్వు," అంది. వాళ్లమ్మదని ఆవిడకు మిగిలిన బట్ట అదొక్కటే.

నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పాత బట్టను పేలికలుగా కోసి మళ్లీ నేయడం నేర్చుకుని ఏడాదైంది కానీ, అప్పటిదాకా నా చేతికి చిక్కినవి మా ఇంటి దుప్పట్లే.

"ఒక్కసారి కట్ చేశాక అన్‌డూ ఉండదు, ఆలోచించుకో," అన్నాడు మా ఆయన. ఆఫీసులో కోడ్ రిలీజ్ చేసేటప్పుడు లేని భయం ఆయనకి ఇక్కడ పుట్టుకొచ్చింది.

శనివారం పొద్దున్నే కుట్లు విప్పడం మొదలుపెట్టాను. వీపు కుట్టు ఊడదీసేసరికి లైనింగ్ కింద ఇంకో లైనింగ్ కనిపించింది. పైది గోధుమరంగు, అడుగుది నిగనిగలాడే ఎరుపు. గట్టిగా అరిచేశాను. వేలు తెగిందనుకుని మా ఆయన ఫస్ట్ ఎయిడ్ బాక్స్‌తో పరుగెత్తుకొచ్చాడు.

ఇక ఆగగలనా? పడుగు నల్ల నూలు, పేక ఈ పట్టు పేలికలు. నేస్తుంటే కిమోనో మీది పూలు చుక్కలుగా తేలాయి. చుక్క చుక్కకీ నాకు సంబరమే. ఒక చివర జానెడు మేర అచ్చంగా ఎరుపే నేశాను. ఆవిడని ఒక్కమాట అడగాలని తట్టనే లేదు.

మగ్గం మీంచి తీశాక మా ఆయన అన్నాడు: "ఆ రెడ్‌ని వాళ్లమ్మగారే కావాలని కవర్ చేసుంటారు కదా?"

నా సంబరం చప్పున చల్లారింది. ఉన్న ఒక్క బట్టనీ కోసేశాను. ఆవిడకి నచ్చకపోతే తిరిగివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆవిడని మా ఇంటికి పిలిచి చూపించాను. ఎరుపు మీద చెయ్యి వేసి నిమిరింది. నేను లైనింగ్ సంగతి, అడక్కుండా నేసిన సంగతి గడగడా చెప్పేశాను.

"మా దేశంలో ఎరుపు పడుచువాళ్లు వేసుకునేది. నా మూడో ఏట నాన్న పోయాడు. అమ్మ ఒంటి మీద నేనెప్పుడూ రంగు చూడలేదు," అంది.

క్షమించమనబోయాను.

"పైన ఇంకోటి వేసి కుట్టేసింది కానీ, ఊడదీసి పారేయలేదు చూశావా," అంది. ఎర్ర చివర ముందుకు వచ్చేలా భుజాల మీద కప్పుకుని, అద్దం ఎక్కడుందని అడిగింది.