అడుగు సొరుగు

మా అత్తగారు పోయారు. పోయిన నెల ఏడో తరగతికి పాఠం చెబుతుంటే, ఇంటి నుంచి ఫోనొచ్చిందని ఆఫీసు రూములోంచి పిలిచారు. భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. రామచంద్రపురంలో మా వీధి వీధంతా "అదృష్టవంతురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంకో పదేళ్ళు చేయించుకున్నా నేను కాదనేదాన్ని కాదు.

ఆవిడ గురించి రాస్తున్నానంటే, పూజల గురించీ వంటల గురించీ రాస్తాననుకున్నారు చుట్టాలు. ఆవిడ వంట అంతంతమాత్రం. పులుసులో ఉప్పు మర్చిపోవడం మామూలే. గొప్పతనమంతా సర్దడంలో ఉండేది. ఎంత ఇరుకు గదిలోనైనా ఆవిడ చెయ్యి పడితే జాగా పుట్టుకొచ్చేది.

నా పడగ్గది అలాంటి ఇరుకే. మంచం వేశాక పక్కకి తిరిగి నడవాల్సిందే. ఉద్యోగం పర్మనెంటయ్యాక గోడకి వార్డ్‌రోబ్ చేయించాలనుకున్నాను. రాజమండ్రి షాపులో చూసిన రకం, నిలువెత్తు తలుపులు, అద్దం, లోపల అరలు. అత్తగారు విని వెంటనే అడ్డం పడ్డారు.

"తలుపులొద్దమ్మాయ్. అన్నీ సొరుగులే పెట్టించు."

"సొరుగులకి ఖర్చెక్కువండి అత్తయ్యగారూ."

"అరలో పెట్టింది వెనక్కి పోతుంది. సొరుగులో పెట్టింది మన దగ్గరికొస్తుంది. చూస్తావుగా."

మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి పడగ్గది నేలంతా ముగ్గు. చుక్కలూ పద్మాలూ కావు, గోడ దగ్గర్నుంచి మంచం వైపుకి పొడుగాటి గళ్ళు. ఏ సొరుగు లాగితే ఎంతదాకా వస్తుందో పిండితో గీసి, ఆ గీత ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు ఆవిడ. "మనిషి కూర్చుని చెయ్యి పెట్టే చోటు లేకపోతే సొరుగెందుకు?" అని మంచాన్ని మాచేత జానెడు జరిపించారు. పై సొరుగులు లోతు తక్కువ, రవికలకీ రుమాళ్ళకీ. వాటి కింద చీరలకి. చీరల్ని పుస్తకాల్లా నిలబెట్టమన్నారు. "మీద మీద పేరిస్తే అడుగుదానికి ఊపిరాడదు" అనేవారు. నేను నవ్వుకున్నాను. కానీ పొద్దున్నే వెతుకులాట లేకుండా చీర చేతికి దొరుకుతోందంటే అది ఆవిడ చలవే. మీ గది కూడా ఇరుకైతే ముందు నేలమీద గీసి చూసుకోండి.

అన్నిటికన్నా కింద లోతైన సొరుగొకటి ఉండాలన్నారు. వడ్రంగి ఒప్పుకోలేదు.

"అడుగున వద్దండి. మన నేలకి చెమ్మ లాగేత్తదండి. కాళ్ళెట్టి ఖాళీగా వదిలేద్దామండి."

"చెయ్యి నాయనా. తాళం వద్దు, గడియా వద్దు. వేలితో తోస్తే జారాలి" అన్నారు అత్తగారు.

అతను పట్టీలకి కొవ్వొత్తి రుద్ది రుద్ది అలాగే చేశాడు. దుప్పట్లు పెట్టుకుందామంటే ఆవిడ పెట్టనివ్వలేదు. అంత ఇరుకులో అంత జాగా ఖాళీ. సర్దడంలో అంతటి మనిషికి ఇదేం పంతమో అనుకున్నాను.

వానాకాలం వచ్చింది. మా వైపు వానలకి కొయ్య ఉబ్బి బిగుసుకుపోతుంది. పై సొరుగులు లాగలేక చేతులు నొప్పి పుట్టేవి. అడుగుది మాత్రం తనంతట తనే తెరుచుకునేది. వాన మొదలైన కాసేపటికి చూస్తే వేలెడు సందు. మూసి వంటింట్లోకి వెళ్ళొస్తే మళ్ళీ వేలెడు. నేను సైన్సు టీచర్ని కదా, నేల వాలుగా ఉందేమోనని గోళీ తెచ్చి సొరుగు ముందు వదిలాను. గోళీ గోడ వైపుకి దొర్లింది. ఆ వాలుకి సొరుగు మూసుకోవాలి గానీ తెరుచుకోకూడదు. గుమ్మంలో నిలబడి అత్తగారు చూస్తూనే ఉన్నారు. వాన పడుతున్నంతసేపూ ఆవిడ మొహం ఎంతో నెమ్మదిగా ఉండేది.

ఒక వాన మధ్యాహ్నం మా పాప కనబడలేదు. దానికప్పుడు నాలుగేళ్ళు. పెరడంతా వెతికి, గొంతు పోయేలా అరిచి, లోపలికొచ్చి చూస్తే అడుగు సొరుగులో ముడుచుకుని నిద్రపోతోంది. ఒక పక్కకి జరిగి, ఇంకొకళ్ళకి చోటిచ్చినట్టు పడుకుంది. దాన్ని ఎత్తుకుని, ఇవాళే వడ్రంగిని పిలిచి దీనికి తాళం పెట్టిస్తానన్నాను.

అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"తాళం వెయ్యకమ్మాయ్. నీకు దణ్ణం పెడతాను."

నాకు ఆడపడుచు లేదనుకునేదాన్ని. ఉండేదని ఆ రోజే తెలిసింది. నా పెళ్ళికి చాలా ఏళ్ళ ముందు, వీళ్ళు మొగల్తూరు దగ్గర పెంకుటింట్లో ఉన్నప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. మా ఆయన వాళ్ళ అమ్మమ్మగారింట్లో ఉన్నారు. పెంకులు ఎగిరి పడుతుంటే, పిల్ల తల పగులుతుందేమోనని అత్తగారు కూతుర్ని పెద్ద చెక్క భోషాణంలో కూర్చోబెట్టి మూత వేశారు. అంతలో దూలం విరిగి ఆ మూత మీద పడింది. వెనకాలే నీళ్ళు వచ్చేశాయి.

"లోపల్నుంచి కొడుతూనే ఉందమ్మా. నేను ఎత్తలేకపోయాను. మూతైతే పిల్ల ఏం ఎత్తుతుంది? సొరుగైతే లోపల్నుంచి తోసుకుని వచ్చేసునుగా."

అంతకుముందోసారి భీమవరంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు, వాళ్ళ భోషాణం మూత కింద ఈవిడ గరిటె అడ్డం పెట్టడం చూశాను. ఆవిరి పట్టేస్తుందమ్మా అన్నారు అప్పుడు. ఆ గరిటె ఎందుకో ఇప్పుడర్థమై ఏడ్చాను. తాళం పెట్టించలేదు. కానీ భయం పోయిందంటే అబద్ధం. వాన రోజుల్లో పాపని వదిలి కదిలేదాన్ని కాదు. ఆవిడేమో అడుగు సొరుగు పక్కన చాప వేసుకుని, వేలెడు సందు వైపు చూస్తూ రవికలు మడతపెట్టేవారు. ఎప్పుడైనా నేను ఆ ఖాళీ జాగా గురించి గొణిగితే, "ఎవరికైనా సరే, చోటు లేదనకూడదమ్మాయ్" అనేవారు. ఇంట్లో అంత చోటు చేసిన మనిషి తనకని ఒక సొరుగు కూడా అడగలేదు. చీరలు హాల్లో దండెం మీదే ఉండేవి.

ఆ చీరలన్నీ కార్యం రోజుల్లో చాకలికి ఇచ్చేశాం. ఆవిడ రోజూ కట్టుకునే బూడిదరంగు నేత చీరతో సహా నేనే దగ్గరుండి మూట కట్టాను.

నిన్న తెల్లారినప్పటి నుంచి వాన. మధ్యాహ్నం చూస్తే అడుగు సొరుగు మూసి ఉంది. సాయంత్రం చూసినా మూసే ఉంది. వానలో అది అలా ఉండటం ఇన్నేళ్ళలో నేనెరగను. మా ఆయన వంగి లాగి చూశారు, కదల్లేదు.

"ఉబ్బినట్టుంది. కొవ్వొత్తి తేనా?" అన్నారు.

"వద్దండి. ఉండనివ్వండి" అన్నాను.

ఆయన బయటికి వెళ్ళాక నేల మీద కూర్చున్నాను. అప్పుడు కనబడింది. సొరుగు పై సందులోంచి, అత్తగారి బూడిదరంగు నేత చీర కొంగు కాస్త బయటికి వచ్చి వేలాడుతోంది.