గాలిమోటరు నడిపినోణ్ణి

కరీంనగర్‌లో బస్సెక్కగానే పక్క సీట్లో కూర్చున్న అమ్మాయితో, "బతుకంత గాలిమోటరు నడిపిన బిడ్డా" అన్నాను. మా వైపు విమానాన్ని అలాగే అంటాం. చిన్నప్పుడు, పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా నేను చెప్పిన కొలువు అదే మరి.

ఆమె కళ్లు మెరిశాయి. "నేను గూడ గదే నడుపుత అంటుంటి తాతా! ఇప్పుడేమో బాపు నౌకరి నాకచ్చింది. శ్రీరాంపూర్ల బొగ్గుబాయి. ఇయ్యాల్నే మొదటిరోజు. మీదికి పోతననుకుంటే కిందికి పోవుడైంది. మస్తు భయమైతుంది. పెద్దపల్లిల దిగి ఇంటికి మర్లిపోత."

అంతలోనే అడిగింది: "మీదికెల్లి గోదారి ఎట్ల కనబడ్తది?"

"సన్నగ... దారం లెక్క."

"నడుమల మోటరు ఆగితే భయం గాలేదా తాతా?"

ఎంత నమ్మకంగా చూస్తోందంటే, ఇక నా వల్ల కాలేదు.

"ఆగితే పానతోని రెండు దెబ్బలు కొట్టేటోన్ని బిడ్డా. నాది టైర్లల్ల గాలి కొట్టే మోటరు. పంచరు దుకాణం."

చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని పడిపడి నవ్వింది. "గాలున్నది, మోటరున్నది. ఇగ అబద్ధమేడున్నది తాతా!" ఆ నవ్వులో పెద్దపల్లి దాటిపోయింది. "నా స్టేజీ పోగొట్టినవు గద ముసలోడా!" అని తిట్టింది కూడా.

శ్రీరాంపూర్‌లో దిగి, కిటికీ దగ్గరికొచ్చి అరిచింది: "తాతా, నాది కిందికి పోయే గాలిమోటరు!"

బస్సు బస్సంతా చప్పట్లు కొట్టిందని అందరికీ చెబుతుంటాను. కొట్టింది నేనొక్కణ్ణే.