ఏడో నంబరు ఎలుక ఎడమచెయ్యి

పరిశోధనశాలలో గాజుసామాను కడిగే ఆయన్ని అందరూ తళతళ అనే పిలిచేవారు. పందొమ్మిదేళ్ళు చన్నీళ్ళలో నాని వేళ్ళు వాచిపోయాయి. గ్లవుజులు ఎక్కవు. చొక్కా గుండీలు భార్యే పెట్టాలి. ఆవిడ వాటితోపాటు నాలుగు చివాట్లూ పెట్టేది. తన గుండీ తాను పెట్టుకోలేకపోవడం ఆయనకు చచ్చేంత సిగ్గు.

అక్కడి పెద్ద మేడం ఒక చెట్టు వెంట పడింది. అది ఆ చుట్టుపక్కల నేల మీద తప్ప ఎక్కడా మొలవదు, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. దాని బెరడులో వాపును అణిచే గుణముందని ఆమె నమ్మకం. నలభై కిలోల బెరడు ఎండబెట్టి, దంచి, స్పిరిటులో నానబెట్టి, వడకట్టి పద్దెనిమిది నెలలు తంటాలు పడితే, చివరికి ఒక గాజుగిన్నె అడుగున పల్చటి పొర మిగిలింది. ఆ సంబరం ఎవరికో చెప్పుకోవడానికి మేడం ఫోను పట్టుకుని బయటికెళ్ళింది. తళతళ కంటికది మురికి గిన్నె. ఊరుకుంటాడా? ఎడమచేత్తో పట్టుకుని, కుడివేళ్ళతో రుద్ది రుద్ది కడిగేశాడు.

మేడం వచ్చి లబోదిబోమంది. ఉద్యోగం ఊడేదే. కానీ మూడోనాటికి ఆయన కుడిచేతి వాపు చేత్తో తీసేసినట్టు పోయింది. ఇక మేడం ఆ చేతిని వదల్లేదు. అయితే ఎలుకల మీద ప్రయోగాలకే అనుమతి ఉంది. ఆరు ఎలుకలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి రికార్డులో ఆయన ఏడో నంబరు ఎలుక అయ్యాడు. అసిస్టెంటమ్మాయి రోజూ బరువు చూసి, తోక పొడవు గడిలో గీత పెట్టేది.

"ఎడమచెయ్యి సంగతేంటండీ?" అని మేడంని అడిగాడు తళతళ.

"అది అలాగే ఉండాలి. అదీ తగ్గిపోతే దేంతో పోల్చి చూపించను?"

ఇంట్లో భార్య నెత్తి కొట్టుకుంది. "ఎలకైతే అయ్యారు, సగం ఎలకేంటండీ? ఒంటిచేత్తో గుండీ ఎలా పెట్టుకోవాలో మీ మేడమ్మని చూపించమనండి!"

మళ్ళీ నలభై కిలోలు, మళ్ళీ పద్దెనిమిది నెలలు. రెండో గిన్నె బల్లమీదికి వచ్చింది.

"ఇది మిగతా ఆరింటికి. మీ వంతు అయిపోయిందిగా," అంది మేడం.

తళతళ ఒక్క క్షణం ఆ ఆరింటి వంక చూశాడు. ఒళ్ళు మండిపోయింది. తడి ఎడమచెయ్యి తీసుకెళ్ళి గిన్నెలో పెట్టేశాడు.

"నా పద్దెనిమిది నెలలు!" అని మేడం కేక పెట్టింది.

"మీవి నెలలండీ. నావి ఇరవై ఏళ్ళు," అన్నాడు చెయ్యి తీయకుండానే.

అసిస్టెంటమ్మాయి గడియారం చూసి, ఏడో నంబరు ఎలుక ఎదురుతిరిగిందని రాసుకుంది.