పొట్టి చెయ్యి స్వెట్టర్

డ్రోన్లు తయారుచేసే ఆ ఇంజనీరమ్మ ల్యాబులో ఎప్పుడూ వాళ్ల నాన్న పాత స్వెట్టరే వేసుకుంటుంది. దాని ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోతుంది.

కాలేజీ రోజుల్లో ఆవిడా, వాళ్ల అన్నయ్యా వంటింటి బల్ల మీద తొలి డ్రోన్ కట్టారు. వేగం అందుకోగానే లోపలి సర్క్యూట్ మాడిపోయేది. చల్లగాలి రావడానికి ముక్కు దగ్గర ఒక కన్నం, వేడి పోవడానికి పొట్ట కింద ఒక కన్నం పెట్టినా అదే గోల. గాలి కంటికి కనపడి చస్తేగా! నాన్న కోసం అమ్మ అల్లుతున్న స్వెట్టర్ చెయ్యి సగం విప్పేసి, ఊలు ముక్కలు కన్నాల దగ్గర అంటించి, అన్నయ్య డ్రోన్‌ని ఫ్యాన్ ముందు పెట్టాడు. పొట్ట కింది పోగులు బయటికి ఎగరాల్సింది పోయి లోపలికి దూరాయి. రెండువైపులా గాలి లోపలికే తోసుకొస్తుంటే వేడి ఎటు పోతుంది? ఆ కన్నం మూసి, తోక దగ్గర తెరిచాక డ్రోన్ చల్లబడింది. అమ్మ మాత్రం భగ్గుమంది.

"ఇంక నేను అల్లితే ఒట్టు!" అని సూదులు పెట్టెలో పడేసింది.

నాన్న ఆ స్వెట్టర్‌నే తొడుక్కుని దర్జాగా తిరిగేవాడు. ఎవరైనా అడిగితే, "ఆ చెయ్యి గాల్లో ఎగురుతోందండీ!" అనేవాడు.

నాన్న పోయాక ఒకరోజు అమ్మ ఆ సూదులు బయటికి తీసింది.

"ఇటు తేవే, ఆ చెయ్యి పూర్తి చేస్తాను."

"వద్దమ్మా," అంది కూతురు. "అది ఇంకా కిందికి దిగలేదు."