కరగని గింజ

మా సాయిబు గారు పోయారు. పోయిన నెల ఒక పొద్దున్న నేను గాజువాకలో బస్సు కోసం నిలబడి ఉంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నెల్లిపోయారు బాబాయ్" అన్నాడు. నేను "అలాగే" అన్నాను. అలా ఎందుకన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బస్సు వచ్చింది, ఎక్కాను. రోజూ వెళ్ళేది ఆయన కొట్టుకే.

నాకు మాటలు తక్కువ. ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. రాయడం అలవాటు లేదు. అయినా ఒక సంగతి ఆయన ఎవరికీ చెప్పకుండా పోయారు. అది నేనే చెప్పాలి.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆయనది పాత లోహాల కొట్టు. నేను అక్కడ మూటలు దించే కూలీని. ఒకరోజు బియ్యం కొట్టు ముందు ఒలికిన బియ్యం ఎత్తుకుని, చేటలో పోసి రాళ్ళు వేరయ్యేలా ఎగరేసి నేముతుంటే చూశారు.

"ఏటి బావా, ఆడోళ్ళ పని సేత్తన్నావ్?"

"మాయమ్మ నేర్పింది బాయిగారూ."

"అయితే మా కొట్లో రాళ్ళేరు, రా."

అవి మామూలు రాళ్ళు కావు. అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో టైటానియం తరుగుతారు. రాలిన తురుము డ్రమ్ముల్లో ఆయన దగ్గరికి వచ్చేది. శుభ్రం చేసి ఇస్తే కొనేవాళ్ళు ఓడల మీద పై దేశాలకి పట్టుకెళ్ళి, కరిగించి, విమానం ఇంజన్లకి దిమ్మలు పోయిస్తారు. అయితే తరిగే పనిముట్టుకి కొసన ఒక గట్టి ముక్క ఉంటుంది. ఒక్కోసారి అది విరిగి తురుములో పడిపోతుంది. బియ్యపు గింజంత. టైటానియం కరిగినా అది కరగదు. ఒక ఇంజనీరు ఆయనకి చెప్పాడట, ఆయన నాకు చెప్పారు.

"ఆ దిమ్మతో ఇంజన్లో సక్రం సేత్తారు బావా. సక్రం తిరిగీ తిరిగీ ఆ గింజ కాడే బీటేత్తాది. ఎప్పుడో. పైన."

పైన అన్నప్పుడు ఆయన పైకి చూపించలేదు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు.

ఆ రోజు పట్టుకున్న భయం నన్ను వదల్లేదు. మా ఇంటి మీదుగా విమానాలు దిగుతాయి. చప్పుడు దగ్గరకొస్తుంటే నోటి దగ్గర ముద్ద ఆగిపోయేది. "ఏటయింది, పడిపోద్దేటి?" అని మా ఆవిడ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

తురుము తేలిక, గింజ బరువు. చేటలో కొంచెం కొంచెం పోసి మెల్లగా నేమితే తురుము ముందుకి జారుతుంది, గింజ వెనక నిలబడిపోతుంది. నిలబడేముందు టిక్కుమంటుంది. కంటికన్నా చెవికే ముందు తెలుస్తుంది. కొనేవాళ్ళ దగ్గర మిషన్లున్నాయి. "మిషను సూసేది మిషను సూత్తాది, మనం సూడాల్సింది మనం సూడాల" అనేవారు సాయిబు గారు. టీ తెప్పిస్తే సగం నాకు పోసి, నేను తాగేదాకా చేట ముట్టుకోనిచ్చేవారు కాదు. చెయ్యి వణికితే గింజ జారిపోతుందని. కొట్లో బీడీ వెలిగించనిచ్చేవారు కాదు. ఈ తురుము అంటుకుంటే నీళ్ళకి ఆరదు, ఇంకా రేగుతుంది. అందుకని గుమ్మంలో నాలుగు బక్కెట్ల ఇసక ఉండేది. ఆయన భయాలన్నీ ఇలా సర్ది పెట్టుకునేవారు. నా భయాలకే చోటుండేది కాదు.

ఈమధ్య గిరాకీ పెరిగింది. విమానాలు ఎక్కువయ్యాయట, ఇంజన్లు చాలటం లేదట. వారానికొక లారీ అడిగేవాళ్ళు రోజు విడిచి రోజు అడగసాగారు. కొనేవాళ్ళ ఏజెంటు వచ్చి గుమ్మంలో నిలబడి తొందరపెట్టేవాడు.

"పెళ్ళికి పిల్లని సూసినట్టు సూత్తారేటండీ తురుముని? అక్కడ మావోళ్ళు సూసుకుంటారు."

"మీవోళ్ళు కూడా ఇలాగే ఇంకోళ్ళు సూసుకుంటారనుకుంతేనో?" అన్నారు ఈయన.

ఆ సంగతి పోయిన రంజాన్‌లో జరిగింది. ఆయన రోజా ఉన్నారు, ఎండకి పెదాలు ఎండిపోయాయి. ఆ సాయంత్రం ఎనిమిది డ్రమ్ములు లారీకి ఎక్కించాలి. ఏడు నేమాను. ఆయన వేళకి ఇంటికెళ్ళి ఉపవాసం విడవాలి, నేను నేముతూ కూర్చుంటే కదలరు. ఎనిమిదోదానికి అలాగే మూత బిగించేశాను.

"అయిపోయాయా బావా?"

"అయిపోయాయి బాయిగారూ."

తక్కువ మాట్లాడేవాడు అబద్ధమాడితే ఎవరూ అనుమానించరు.

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. ఒక మిషను మీద పనిముట్టు కొస విరిగిందట, ముక్క దొరకలేదట, ఆ తురుము పోసిన డ్రమ్ము నంబరు చెప్పి చూసుకోమన్నారు. అది ఆ ఎనిమిదోదే. ఆయన నా వైపు తిరిగి "నీకేటైనా దొరికిందా?" అని అడిగారు. అది నేమలేదని చెప్పేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చెప్పులు వేసుకుని "పద" అన్నారు.

పోర్టు దగ్గర కంటెయినర్ల యార్డులో దొరికింది లారీ. ఇంకా ఓడ ఎక్కలేదు. డ్రమ్ము దింపించారు. ఏజెంటు నోటికొచ్చినట్టు అన్నాడు. సాయిబు గారు అందరి ముందూ "నాదే మతిమరుపు, పెద్దోణ్ణయిపోయాను" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. వంగి డ్రమ్ము దొర్లించుకుపోయాను.

ఆ డ్రమ్ముని మూడు రోజులు నేమాం. ఆయన కూడా ఒక చేట పట్టారు. సగం కింద పోసుకుని, "నా సేతిలో ఇది ఎగరదు బావా, ఏడుత్తాది" అన్నారు. ఆ మూడు రోజుల్లో మేం నవ్వింది అప్పుడే. కిందపడిందంతా ఎత్తి మళ్ళీ నేమాను. గింజ దొరకలేదు.

"నేదు బాయిగారూ" అన్నాను.

"మనకి దొరకనేదు బావా. నేదని ఎవుడు సెప్పగలడు?"

డ్రమ్ము మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు గీసి మూలకి దొర్లించారు. పోయేదాకా అమ్మలేదు.

ఆయన పోయిన పది రోజులకి ఏజెంటు వచ్చాడు. ఎనిమిది డ్రమ్ములు సిద్ధంగా ఉన్నాయి, మూలనున్నది కూడా వేస్తే తొమ్మిది అన్నాడు. అబ్బాయి మంచివాడే, కొట్టు నిలబెట్టుకోవాలని ఆత్రం.

"మూడ్రోజులు ఏరారంట గదా బాబాయ్. నాన్న మర్సిపోయిన డ్రమ్మేగదా అది. ఇంకేటి బయం?"

కొడుక్కి కూడా ఆయన చెప్పలేదని అప్పుడే తెలిసింది.

నేను తల వంచుకుని ఊరుకునే మనిషిని. ఆ రోజూ వంచుకునే అన్నాను. "మీ నాన్న మర్సిపోనేదు అబ్బాయ్. నాను అబద్దమాడాను. గింజ అందులో ఉన్నాదో నేదో నాకు తెల్దు. ఇంజన్లకి ఇవ్వొద్దు. ఉక్కులో కలుపుకునేవోళ్ళు తక్కువకి పట్టుకెల్తారు, ఆళ్ళకిచ్చీ. అందులో ఉన్నా ఎవుడి పేణం పోదు."

ఏజెంటు ఏదో అనబోయాడు. అబ్బాయి చెయ్యెత్తి ఆపాడు. నా మొహం చూశాడు. తరవాత ఆ సిద్ధంగా ఉన్న ఎనిమిది డ్రమ్ముల వైపు చూశాడు.

"మరివి? ఇయ్యన్నీ నేమారా?"

"నేమాను."

నిజమే చెప్పాను. కానీ నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆ రంజాన్ తరవాత కూడా సాయిబు గారు నన్ను ఈ ప్రశ్న అడగలేదు. అడగలేదని ఇన్నాళ్ళూ సంతోషించాను. ఆయన నా మీద పెట్టుకున్న నమ్మకం ఎంత బరువో, అది లేని ఈ అబ్బాయి కళ్ళు చూశాక తెలిసింది.

అబ్బాయి మొదటి డ్రమ్ము మూత తీసి, "మళ్ళీ నేమండి బాబాయ్" అన్నాడు.

చేటలో కొంచెం పోసుకుని కూర్చున్నాను. సందులో లారీవాడు హారన్ కొడుతున్నాడు. అబ్బాయి వెళ్ళి వాణ్ణి ఊరుకోమని కేకేశాడు. తిరిగొచ్చి ఫ్యాన్ ఆపాడు. చెమట కారుతుంటే తుడుచుకోకుండా నా పక్కన గొంతుక్కూచుని, చేట దగ్గరికి చెవి వంచాడు.