పరగడుపు పరీక్ష

ఆయనకున్నది ఒకటే జబ్బు: ఎదుటివాళ్ళ కడుపు ఖాళీగా ఉందంటే తట్టుకోలేరు. మందుల కంపెనీలో పెద్ద డాక్టరే గానీ, వెనకాల అందరూ పిలిచే పేరు కడుపుగారు. లిఫ్టు ఆగిపోయిందని చెప్పడానికి వెళ్ళిన ఎలక్ట్రీషియన్ని కూడా "అది సరే, ఏమైనా తిన్నావా?" అని నిలదీసేవారు. లేదన్నాడో, సొరుగులోంచి అరటిపండు బయటికొచ్చేది. లిఫ్టు సంగతి ఆ తరవాతే.

ఆయన దగ్గర పనిచేసే కెమిస్టు అమ్మాయి మూడేళ్ళు కిందా మీదా పడి ఒక మాత్ర తయారుచేసింది. పాత కీళ్ళనొప్పుల మాత్ర వాపు తగ్గిస్తుంది గానీ కడుపులో పుండ్లు చేస్తుంది. దాన్నే కాస్త మార్చి, కడుపు జోలికి పోకుండా చేశాననుకుంది. అది తేల్చడానికి కీళ్ళనొప్పులున్న ఇరవైనలుగురు ముందుకొచ్చారు. సగంమందికి పాతది, సగంమందికి కొత్తది, వారంరోజులు పరగడుపునే; కడుపులో తిండి అడ్డముంటే పాత మాత్ర చేసే చెడు బయటపడదు. ఎనిమిదో రోజు గొంతులోంచి కెమెరా దింపి చూడాలి. తేడా కనబడకపోతే కొత్త మాత్రకి నీళ్ళొదులుకోమని డైరెక్టరు ముందే చెప్పేశాడు.

తీరా చూస్తే అందరి కడుపులూ ఒకేలా నిగనిగలాడుతున్నాయి. ఇక కొత్త మాత్ర పోయినట్టే. ఆఖరున వచ్చిన కుట్టుపని చేసే ఆవిడ కడుపులో మాత్రం తెల్లటి ముక్కేదో తెరమీద కనబడింది. గొట్టం తీయగానే ఆవిడ నిజం కక్కేసింది.

"అరటిపండమ్మా. వారంనించీ మాత్రకి ముందు అందరికీ మీ పెద్ద సారే పెడుతున్నారు. మీకు చెప్పొద్దన్నారు."

అమ్మాయి ఆయన గదిలోకి దూసుకెళ్ళింది. "సార్! నా మూడేళ్ళ కష్టం అరటిపళ్ళ పాలు చేశారు!"

"ఖాళీ కడుపున మాత్ర మింగుతుంటే చూడలేకపోయానమ్మా. చెయ్యి ఆగలేదు."

ఆ చేత్తోనే ఉత్తరం రాసుకుని డైరెక్టరు దగ్గరికి వెళ్ళారు. "తప్పు మాత్రది కాదు, నాది. కావాలంటే నన్ను తీసేయండి. పరీక్ష మళ్ళీ పెట్టండి."

డైరెక్టరు చడామడా తిట్టి, ఒక్క అవకాశం ఇచ్చాడు. నెల తరవాత అదే ఇరవైనలుగురు. ఈసారి సొరుగు తాళంచెవి అమ్మాయి లాక్కుంది. ఆయన వారంరోజులూ పొద్దున్నే వచ్చి వాళ్ళ మధ్యే కూర్చున్నారు. వాళ్ళు తినేదాకా తనూ ముట్టలేదు.

ఈసారి తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది. కొత్త మాత్ర వాళ్ళ కడుపులు శుభ్రం. పాత మాత్ర వాళ్ళకి ఎర్రటి మచ్చలు, అదీ మాత్ర ఆపితే మానిపోయేవే. సంతోషం పట్టలేక అమ్మాయి పరిగెత్తుకెళితే ఆయన గదిలో లేరు. పాత మాత్ర పడ్డ పన్నెండుమంది దగ్గరికీ వెళ్ళి, "మంటగా ఉందా? నా మూలానేనమ్మా" అని పేరుపేరునా క్షమాపణ చెప్పుకుంటున్నారు. నెల్లాళ్ళుగా ఆయనమీద దాచుకున్న కోపం అమ్మాయికి ఎటు పోయిందో తెలియలేదు.

"మాత్ర గెలిచింది సార్!"

"అలాగైతే ముందు వీళ్ళకివ్వాలి."

"మొదటి పెట్టెలు వీళ్ళకే సార్."

కుట్టుపనావిడ వాచిన వేళ్ళు చూసుకుని నవ్వింది. "వేళ్ళు వంగితే మీ ఇద్దరికీ బట్టలు కుడతాను. అమ్మాయి కొలతలు ఇప్పుడే తీస్తాను. సారుకి మాత్రం ఇవాళ తీయను. వారంలో సగమైపోయారు. పది రోజులు బాగా తిని రండి, అప్పుడు చూద్దాం."