నువ్వుల బిస్కట్ల మీద ఆకుపచ్చ గుర్తు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ నిమిషానికి కూడా లేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసినదాన్ని. రెండోసారి చేసి చూపించలేని తప్పును మా పనిలో తప్పుగా రాయనివ్వరు. చుట్టాల్లో ఎవరైనా తాము చూసిన వింతల గురించి చెబితే, "ఏదీ, ఇంకోసారి చూపించండి" అని ఏడిపించేదాన్ని. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా ఇంకోసారి చూపించలేను. అందుకే ఇన్నేళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నాను.

వై టూ కే హడావిడి అయిపోయిన కొత్తలో సింగపూర్ వెళ్ళాం. మనవాళ్ళకి ఐటీ ఉద్యోగాలు పిలిచి ఇస్తున్న రోజులు. బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తులో అద్దె ఫ్లాటు. మా పాప హాసినికి అప్పుడు ఐదో ఏడు.

దానికి వేరుశనగ పడదు. పడదంటే దద్దుర్లతో పోయేది కాదు. రెండేళ్ళప్పుడు తెనాలిలో మా అమ్మ ఇడ్లీ పెడుతూ వేలికి పల్లీ చట్నీ అంటించి నాలిక మీద రాస్తే, పెదాలు వాచి ఊపిరి అందక రెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఈసారి వస్తే ఇంకా గట్టిగా రావచ్చని డాక్టరు హెచ్చరించాడు. అప్పటినుంచీ దాని సూదిమందు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండేది.

మా ఆఫీసు కింద జపాన్ వాళ్ళ చిన్న కొట్టు ఒకటి ఉండేది. నల్లటి నాచు ఆకులో మూడు మూలలుగా చుట్టిన అన్నం ముద్దలు, గాజు పెట్టెలో వేడివేడిగా కాఫీ డబ్బాలు, చక్కెర లేని బార్లీ టీ సీసాలు. బార్లీ అంటే జ్వరమొచ్చినప్పుడు తాగేదనే నాకు తెలుసు. పది రోజుల్లో అది లేకపోతే సాయంత్రం గడవని స్థితికి వచ్చాను. అన్నం ముద్ద మధ్యలో ఉప్పులో ఊరిన పుల్లటి పండు ఒకటి పెడతారు. మొదటిసారి కొరికినప్పుడు మజ్జిగన్నంలో ఊరిన నిమ్మకాయ నంజుకున్నట్టే ఉండి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుపుకి అని చెప్పి తప్పించుకున్నాను.

ఆ కొట్టు నాకు చూపించింది ఫర్జానా ఆపా. హైదరాబాద్ ఆవిడ, మా టీమ్‌లో సీనియర్, నాకన్నా పదేళ్ళు పెద్ద, అందుకే ఆపా, అంటే అక్క. అంతకుముందు టోక్యోలో ఆరేళ్ళు పనిచేసి రావడంతో జపనీస్‌ని తెలుగు పేపర్ చదివినంత తేలిగ్గా చదివేది. రోజూ నాలుగింటికి ఇద్దరం దిగేవాళ్ళం. కిటికీ పక్క రెండు స్టూళ్ళ మీద టిష్యూ ప్యాకెట్లు పడేసి సీట్లు చోప్ చేయడం, అంటే మా కోసం ఆపుకోవడం, ముందు పని. అలా పెట్టిన చోటు ఆ ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు.

తర్వాత ఆపా ఒక్కో ప్యాకెట్టూ తిప్పి వెనక చీమల బారులా ఉన్న జపాన్ అక్షరాలు చదివేది. తనకోసం పంది కొవ్వు, మద్యం ఉన్నాయేమోనని. శాకాహారం బాపతు నాకోసం చేప పొడి ఉందేమోనని. హాసిని కోసం వేరుశనగ. కొట్టువాళ్ళు అంటించే ఇంగ్లీషు స్టిక్కరులో సగం సంగతులుండవని, దాన్ని నమ్మొద్దని ఆవిడ ఎప్పుడూ చెప్పేది.

హాసినికి కొన్నవాటి మీద ఆకుపచ్చ ఇంకు పెన్నుతో టిక్కు పెట్టేది. కొన్నాక పనికిరాదని తేలినదాని మీద ఇంటూ గుర్తు వేసి చుట్టూ సున్నా చుట్టి, పొరపాటున మళ్ళీ కొనకుండా నాకు చూపించేది. మా పిల్లకి ఆ టిక్కే వేదం. టిక్కు లేకపోతే చాక్లెట్టయినా ముట్టేది కాదు.

వేరుశనగ అని రాసే గుర్తులు కొన్నే ఉంటాయి, నేర్చుకో సుధా అని ఆపా ఎన్నోసార్లు పోరింది. నాకు బద్ధకం. "మీరున్నారుగా ఆపా" అనేదాన్ని.

మేం వెళ్ళిన రెండో ఏడాది చివర్లో ఆవిడకి కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ సొంత ఊళ్ళోనే చేయించుకుంటానని ఉద్యోగం వదిలి హైదరాబాద్ వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు ఆ ఆకుపచ్చ పెన్ను నా చేతిలో పెట్టింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఆపా వెళ్ళాక టిక్కులు నేనే పెట్టేదాన్ని. చదవకుండా. ఆవిడ ఒకప్పుడు సరేనన్న రకాలే కొనేదాన్ని కాబట్టి ఫర్వాలేదనుకున్నాను. మా ఇంటికి వెళ్ళే చిన్న రైలు ఫ్లాట్ల పక్కనుంచి పోయేటప్పుడు, లోపలి వాళ్ళు ఇళ్ళలోకి చూడకుండా కిటికీ అద్దాలు వాటంతటవే తెల్లగా మసకబారతాయి. ఆ కాస్త సేపట్లో పెన్ను తీసి టిక్కు పెట్టి బ్యాగులో వేసేదాన్ని. హాసిని ఫర్జానా ఆంటీయే పంపిస్తోందనుకునేది. నేనూ కాదనలేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ నాకు స్థిమితం లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని. ఎందుకో తెలియదు. సాయంత్రం హాసినికి ఇష్టమైన నల్ల నువ్వుల బిస్కట్లు కొన్నాను. అదే ప్యాకెట్టు, అదే స్టిక్కరు. మూలన కొత్తగా ఎర్ర నక్షత్రం ఉంటే ఏదో బహుమతి పథకం అనుకున్నాను. ఆరున్నరకి చిన్న రైల్లో అద్దాలు మసకబారాయి. పెన్ను తీశాను. టిక్కు పెట్టాను. కిందికి చిన్న గీత, పైకి పెద్ద గీత. చెయ్యి కదిలిన తీరు కూడా గుర్తుంది.

ఇంటికొచ్చి ప్యాకెట్టు బల్ల మీద పెట్టి పాలు కాస్తున్నాను. హాసిని దాన్ని నా వైపు తోసేసి, బడిలో పట్టుబడ్డ సింగపూర్ ఇంగ్లీషులో అంది.

"అమ్మా, దిస్ వన్ కెనాట్ లా. ఆంటీ రాంగ్ పెట్టింది."

వేషాలేస్తోందనుకుని కసురుకుంటూ తిరిగాను. ప్యాకెట్టు మీద ఆకుపచ్చ ఇంటూ గుర్తు. చుట్టూ సున్నా.

నేను ఆ గుర్తు ఏనాడూ వేయలేదు. వేయాల్సిన అవసరమే రాలేదు. నేను పెట్టిన టిక్కు కోసం వెతికితే ప్యాకెట్టు మీద ఎక్కడా లేదు.

మర్నాడు ఆఫీసులో జపాన్ సహోద్యోగికి చూపించాను. ఆయన వెనక చదివి, నెల కిందట రుచి మార్చారని, ఇందులో ఇప్పుడు వేరుశనగ పొడి కలుస్తుందని, ఆ ఎర్ర నక్షత్రం అదే చెబుతోందని మామూలుగా చెప్పాడు. ప్యాకెట్టు తీసుకుని మెట్ల మీదికి పోయి కూర్చున్నాను. దయ్యం భయం కాదు. టిక్కు పెట్టి నా చేత్తో నేనే నా బిడ్డకి అది తినిపించబోయాను.

ఆ సాయంత్రం హైదరాబాద్‌కి ఫోన్ చేశాను. ఆపా భర్త సలీం భాయ్ ఎత్తాడు. ఆపరేషన్ నిన్ననే అయిందట, ఆవిడ బాగానే ఉందట.

"నిన్న నాలుగింటికి బయటికి తెచ్చిన్రు. మత్తుల ఏందేందో మాట్లాడింది, జపాన్ మాటలు. మాకెవ్వరికీ సమజ్ కాలే."

వాళ్ళ నాలుగు అంటే మాకు ఆరున్నర. ఫోన్ పెట్టేశాక వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, మళ్ళీ మళ్ళీ.

మూడు వారాల తర్వాత ఆపాతో మాట్లాడగలిగాను. అంతా చెప్పాను. మత్తులో ఏమన్నదో తనకేమీ గుర్తు లేదంది. వింత విని బిత్తరపోతుందనుకున్నాను.

"అది వదిలెయ్ సుధా. ఇన్ని దినాలు సద్వకుండనే టిక్కులు పెడ్తున్నవా?"

ఏడ్చాను. ఆవిడ ఫోన్‌లోనే ఒక్కో గీతా చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను. పావుగంట పట్టింది. పావుగంట పనికి రెండేళ్ళు బద్ధకించాను.

హాసిని ఇప్పుడు పెద్దదైంది, తన ప్యాకెట్లు తనే చదువుకుంటుంది. నాకే కుదురు లేదు. ఎవరింటికెళ్ళినా బిస్కట్ల ప్యాకెట్టు కనబడితే తిప్పి చూడకుండా కూర్చోలేను. "అమ్మ తనిఖీకి వచ్చింది" అని నవ్వుతుంది. ఆ పాత ప్యాకెట్టు ఇంకా నా బీరువాలో ఉంది. ఇంకు వెలిసినా గుర్తు తెలుస్తుంది.

మా ఆయన ఒకటే అంటాడు. కొత్త నక్షత్రం చూసి నీ మనసులో ఎక్కడో అనుమానం తగిలింది, నీకు తెలియకుండా నీ చెయ్యే ఇంటూ వేసింది, టిక్కు పెట్టానని నువ్వు భ్రమపడ్డావు అని. నేనైనా ఎదుటివాళ్ళకి అదే చెప్పేదాన్ని.

సరే, అలాగే అనుకుందాం. పెన్ను నా దగ్గరే ఉంది, ఆ రైల్లో ఉన్నదీ నేనే. కానీ ఆ రోజుకి నాకు జపనీస్‌లో ఒక్క అక్షరం రాదు. గీసింది నేనే అయితే, చదివింది ఎవరు?